లాగి చూసే బుడే

పదకొండో గుంట దగ్గర బుడే వంగి, మొక్క మొదలు రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగాడు. రాలేదు. పన్నెండోది లాగాడు. అదీ రాలేదు. ముప్ఫై రెండేళ్లుగా మునిసిపాలిటీలో ఆయన ఉద్యోగం ఇంచుమించు ఇదే. ఇళ్ల స్థలాలు వేసేవాళ్లు ఒక చెట్టు కొడితే రెండు మొక్కలు నాటాలి. అవన్నీ బతికాయని బుడే రాసిచ్చాకే మిగిలిన చెట్ల మీద గొడ్డలి పడాలి. వేపకొమ్మలు విరిచి గుచ్చి మొక్కలని చూపించే ఘనులు ఊరినిండా ఉన్నారు. అందుకే ఆయన కళ్లను నమ్మడు, వేళ్లనే నమ్ముతాడు.

పొట్టి మనిషి. వయసులో ఉండగా మొక్కలకు నీళ్ల కావడి మోసి మోసి కుడి భుజం కిందికి దిగింది. బస్సులో కమ్మీని లాగి చూశాకే పట్టుకుంటాడు. పెళ్లినాడు మంచం కోళ్లు కూడా లాగి చూశాడని భార్య కరీమున్ ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్వుతుంది. ఆయనా నవ్వుతాడు. ఊళ్లో ఏ వీధిలో నీడ పడినా అందులో తన వాటా కాస్త ఉందని లోపల్లోపల గర్వం.

ఇవాళ్టితో ఆ ఉద్యోగం ఆఖరు. సాయంత్రం రిటైర్మెంటు. అయినా ఆయన దిగులు అది కాదు. పర్చూరు రోడ్డు పక్కనున్న ఈ వెంచర్లో ఇరవై చెట్లు పోగా ఒక్క చింతచెట్టు మిగిలింది. చుట్టుపక్కల మిరపకోతల కూలీలంతా అన్నం మూటలు విప్పేది దాని కిందే. ఈ నలభై మొక్కలూ బతికాయని రాస్తే రేపే దాన్ని పడగొడతారు. బతకలేదని రాద్దామంటే ఒక్కటీ ఊడి రావడం లేదు. చెట్టు కోసమైనా అబద్ధం రాయడం ఆయనకు చేతకాదు.

నలభయ్యోది కూడా గట్టిగానే ఉంది. బుడే ప్రాణం ఉసూరుమంది. జేబులోంచి కలం తీశాడు.

"చెప్పాగదండీ, అన్నీ వేళ్లున్నవే," అన్నాడు వెంచర్ సూపర్‌వైజర్ మార్క్. విశాఖలో పెరిగిన మనిషి, ఇక్కడికొచ్చి మూణ్నెల్లు. "సంతకం పెట్టేయండి."

మొక్కలకు నీళ్లు పోస్తున్న పున్నమ్మ బిందె దించింది. "కళ్లజోడు పెట్టుకుని రాయండి సాయిబు గారూ. ఆఖరి సంతకం వంకర పోద్ది."

బుడే కళ్లజోడు పెట్టుకున్నాడు. కాగితం కంటే ముందు మొక్క కనిపించింది. కొమ్మలు కత్తిరించి ఉన్నాయి, కాయలు గిల్లేసి ఉన్నాయి. ఒక పక్క మాత్రం విచ్చిన కాయలో చిటికెడు దూది. పక్క గుంటకు నడిచాడు. ఆ పక్కదానికీ నడిచాడు. తర్వాత అక్కడే కూలబడి, భుజాలు కదిలేలా నవ్వాడు.

"ఏంటండీ?" అన్నాడు మార్క్.

"ఇవి పత్తిమొక్కలు బాబూ. నలభైకి నలభై."

"కాదండీ, మందారాలు. ఈవిడే చెప్పింది."

పున్నమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "వేళ్లున్నవి నాటమన్నారు, నాటాను. పక్క చేలో పీకి పారేసేవి తెచ్చాను. సాయిబు గారు చూడంగానే కనిపెడతారనుకున్నా. ఆయనేమో లాగుతానే ఉన్నాడు."

ఆమె నవ్వలేదు. చింతచెట్టు వైపు ఒకసారి చూసి మళ్లీ బిందె ఎత్తుకుంది. బుడేకి అంతా అర్థమైంది. ముప్ఫై రెండేళ్లలో ఇంత సంతోషంగా ఆయన ఎప్పుడూ రాయలేదు: 'మొక్కలు లేవు. పత్తి నలభై. చెట్టు కొట్టరాదు.'

కమిషనర్ గారు అది రెండుసార్లు చదివి, పడీపడీ నవ్వి, అసలైన మొక్కలు నాటి మూడేళ్లు పెంచేదాకా చెట్టు ఊసెత్తవద్దని సంతకం చేశారు. సాయంత్రం అయిదింటికి బుడేకి శాలువా కప్పి, ఒక గోడగడియారం చేతిలో పెట్టారు.

"ఇక నాకు టైంతో పనేముందండీ," అన్నాడు బుడే. అందరికీ దణ్ణం పెట్టి, గడియారాన్ని సైకిల్ వెనక కట్టుకుని, పర్చూరు రోడ్డు మీదుగా చుట్టుతిరిగి ఇంటికి వెళ్లిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం పున్నమ్మ వాళ్లు అన్నం మూటలతో చెట్టు కిందికి చేరారు. మానుకు మేకు దిగకుండా, కింది కొమ్మకు పురికొసతో కట్టిన కొత్త గడియారం సరిగ్గా పన్నెండున్నర చూపిస్తోంది.