అక్షర క్రమంలో మేనత్త

పెళ్లికూతురు పంపిన షీటు కంప్యూటర్లో తెరవగానే లుపేకి ఒళ్లు మండిపోయింది.

ద్వీపదేశ రాజధాని నుకుఅలోఫాలో, రేవు వీధి అచ్చాఫీసులో పనిచేసే ఆమెకు చెత్త షీట్లు కొత్త కాదు. ఒకరు రెండు పేర్లు ఒకే గడిలో కుక్కుతారు. ఇంకొకరు చూడ్డానికి బాగుంటుందని మధ్యలో ఖాళీ వరసలు వదులుతారు. షీటులో రంగులు పూస్తే అవి విందు బల్లల మీద పెట్టే పేరు కార్డుల మీదకు కూడా వచ్చేస్తాయనుకునేవాళ్లకు లెక్కే లేదు. అన్నీ తిట్టుకుంటూ దిద్దుకునేది. పేజీలు కూర్చే ప్రోగ్రాంకి సొంత బుద్ధి ఎక్కడిది? షీటులో ముందున్న పేరు మొదటి కుర్చీ కార్డు మీద వేస్తుంది, ఎనిమిది పేర్లు నిండగానే తరవాతి బల్లకు పోతుంది.

ఈ షీటు సంగతి వేరు. తమ్ముడు సెమిసి వారాల తరబడి పెద్దల దగ్గర కూర్చుని, ఎవరి తరవాత ఎవరో తేల్చి, కూతురి చేత కొట్టించిన పెళ్లి అతిథుల పట్టీ అది. ఎవరు ఎంత పెద్దో ఏ గడిలోనూ రాయలేదు. అలాంటివి ఎవరైనా రాస్తారా? ఆ వరసే మర్యాద. ఇప్పుడు అదంతా ఇంటిపేర్ల అక్షర క్రమంలో ఉంది. ఊరి ప్రభువు ఎక్కడో నడిమధ్యకు పోయాడు. బ్యాండు కుర్రాళ్లు పెళ్లికొడుకు పక్కకు ఎక్కారు. పెళ్లికూతురి మేనత్తగా అందరికంటే పైన ఉండాల్సిన లుపేకి, మొగుడి ఇంటిపేరు పుణ్యమా అని, వంటపాక పక్కన చిట్టచివరి కుర్చీ దక్కింది.

మధ్యాహ్నం కార్డులు చూసుకోవడానికి పెళ్లికూతురు సిలియా నవ్వుకుంటూ వచ్చింది. ఇక్కడి మర్యాదలు అంతగా ఎరగకుండా ఆక్లాండ్‌లో పెరిగిన పిల్ల.

"ఏమే, ఈ ఘనకార్యం ఎవరిది?"

"నాదే అత్తా. పేర్లు వెతుక్కోవడం తేలికని అలా సర్దాను. బాగుంది కదూ?"

"బాగుండక! ఎల్లుండే పెళ్లి. పాత పట్టీ ఏదీ?"

"దాని మీదే సేవ్ చేసేశాను."

"కాగితం?"

"లేదు. నాన్న చెబుతుంటే నేనే కొట్టాను."

లుపే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏ ఇంటి పెద్దకొడుకు ఎవరో, ఏ పాస్టరు ఎవరి ముందుండాలో ఆమెకు కొట్టినపిండి. ఒక్కో వరస కోసి, పైన అతికిస్తూ పోయింది. ఒక్కో నొక్కుకీ మౌసు విరిగిపోతుందేమో అన్నట్టుంది. సాయంత్రానికి ఎవరి చోటికి వాళ్లు వచ్చారు.

"అత్తా, నీ పేరు ఇంకా అడుగునే ఉందే!"

"ఉండనీ."

"ముందు బల్లలో మొదటి కుర్చీ నీది కదా? నాన్న చెప్పారు."

"ఓహో, తెలుసన్నమాట! తెలిసే వంటపాకలోకి తోశావా నన్ను?"

"నేను చూసుకోలేదత్తా. కంప్యూటరే మార్చేసింది."

"కంప్యూటరు కాదే, నొక్కింది నీ వేలు! పెళ్లిలో మేనత్తకి మర్యాదగా ఊరంతా చాపలు తెచ్చి నా ముందు పరుస్తారే, నేను అడుక్కుంటే పరుస్తున్నారా? నా పీట నేనే మోసుకొచ్చి ముందు వేసుకోమంటావా? ఎల్లుండి నలుగురిలో మొహం ఎలా చూపించను?"

ఆమె గొంతు వీధి దాకా వినిపించింది. సిలియాని తీసుకెళ్లడానికి వచ్చిన సెమిసి గుమ్మం బయటే ఆగిపోయాడు. అక్కాతమ్ముళ్ల మధ్య పాటించే మర్యాద ప్రకారం, పెద్దయ్యాక అక్క ఉన్న గదిలోకి అతను ఏనాడూ ఊరికే అడుగుపెట్టలేదు. తల దించుకుని కూతురితోనే అన్నాడు.

"సిలియా, మీ అత్త ఏ బల్ల దగ్గర కూర్చుంటే నా కార్డు దానికంటే కింద వెయ్యి. కింద బల్ల లేదంటావా, గిన్నెలు కడిగే చోట నిలబడతాను."

అని వెనక్కి తిరిగి వ్యాను వైపు నడిచాడు.

లుపే కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరకు వెళ్లి, వీపు తిప్పి నిలబడింది. ఆ కుర్చీలో సిలియా కూర్చుంది; వెనక మౌసు చప్పుడు. చివరి వరస అన్ని పేర్లూ దాటుకుంటూ పైకి పోతోంది. మధ్యలో ఒకసారి చేయి జారింది, మళ్లీ పట్టుకుంది.

"పెట్టానత్తా. అన్నిటికంటే పైన."

లుపే వెంటనే తిరగలేదు. కోపం ఇంకా తగ్గకపోయినా, కిటికీలోంచి తమ్ముడి వ్యాను వైపే చూస్తూ అంది.

"పైన ఒకరు చేరితే కిందివాళ్లంతా ఒక్కో కుర్చీ జరుగుతారు. బల్ల మారేచోట్ల మళ్లీ చూసుకో. మొగుణ్ణీ పెళ్లాన్నీ విడదీశావంటే ఊరుకోను."