పానకాలరావు గారి బుట్టదాఖలు

నేను ఒక బుట్టను. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఎంతెంత పెద్దవాళ్ళో మాటలకు మురిసి బుట్టలో పడుతుంటారు. నేనే బుట్టను కనక నాకా భయం లేదు. కొందరు నన్ను తట్ట అంటారు, కొందరు గంప అంటారు. ఒళ్ళంతా నోరే అయినా అది ఇన్నాళ్ళూ మింగడానికే పనికొచ్చింది. ఇవాళ కొంచెం కక్కుతాను, పక్కకు జరిగి వినండి.

గుంటూరు మేదర వీధి నా పుట్టిల్లు. నాగులు అనే మేదరి వెదురు చీల్చి, బద్దలు నానబెట్టి, గొంతుక్కూర్చుని నన్ను అల్లాడు. అల్లినంతసేపూ పక్కింటివాళ్ళ మీద లేనిపోనివి కూడా అల్లుతూనే ఉన్నాడు. రెండు అల్లికలూ గట్టివే. మొదటిది నేను. రెండోదాని వల్ల రెండు కొంపలకు మాటల్లేవు.

నన్ను మొదట కొన్నది మృత్యుంజయశర్మ గారు, హైస్కూలు తెలుగు మాస్టారు. పిల్లల పరీక్ష పేపర్లు నాలో వేసుకుని ఇంటికి మోసుకెళ్ళేవారు. నా అక్షరాభ్యాసం ఆ పేపర్లతోనే జరిగింది. అందుకే నా చదువంతా తప్పుల తడక. నేనూ తడకల జాతిదాన్నే కనక చుట్టరికం కుదిరింది. మాస్టారు రిటైరైన రోజున తన పాత శిష్యుడు పానకాలరావు గారిని పిలిచి నన్ను చేతిలో పెట్టారు.

"ఒరేయ్, పత్రికలో కథలు అల్లుతున్నావుట. అల్లిక ఎలా ఉండాలో దీన్ని ఎదురుగా పెట్టుకుని చూడు. కుదరనిది దీన్లోనే వెయ్యి," అన్నారు. ఆయన దీవించారో తిట్టారో శిష్యుడికి ఇప్పటికీ తేలలేదు.

పానకాలరావు గారు పగలు ఆఫీసులో గుమాస్తా, పొద్దున్న ఎనిమిది దాకా హాస్య రచయిత. ఒక వారపత్రికలో ఇరవై రెండేళ్ళుగా ఆయనకొక పేజీ ఉంది. కాఫీ తాగి, లుంగీ ఎగ్గట్టి, పడక్కుర్చీలో కూర్చుని గడగడా రాసేవారు. రాస్తూ తనే నవ్వుకునేవారు. వంటింట్లోంచి హైమవతి గారు, "ఏవండీ, మీరే నవ్వేస్తే చదివేవాళ్ళకేం మిగులుతుంది?" అని అడుగుతుండేది. వారానికి రెండు మూడు కాగితాలు నాలో పడేవి. సన్నగా, ఆరోగ్యంగా ఉండేదాన్ని.

అలాంటి సంసారంలోకి సన్మానం వచ్చిపడింది. ఊళ్ళో ఒక సాహితీ సంఘం వాళ్ళు ఆయన్ని వేదిక ఎక్కించి, శాలువా కప్పి, 'హాస్య గంభీర' అని బిరుదు తగిలించారు. వాళ్ళ దగ్గర అప్పటికి ఖాళీగా ఉన్న బిరుదు అదొక్కటేనట. ఆ రాత్రి నుంచి హాస్యం గుమ్మం బయటే ఆగిపోయింది, గంభీరం లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

మర్నాడు ఆయన లుంగీ మానేసి పంచె కట్టారు. గుంటూరు ఎండలో భుజం మీద శాలువా. పడక్కుర్చీ బిరుదుకు తగదని బల్ల ముందు నిటారుగా కూర్చుని 'హాస్యము: ఒక తాత్విక పరిశీలన' అని రాసి, కింద రెండు గీతలు గీశారు. గీతలు బాగా వచ్చాయి. రాతే రాలేదు. పక్కన ఇంత పెద్ద తట్టను నేనుండగా ఆయనకు ఒక్క ముక్కా తట్టలేదు.

అసలు తట్టలేదనడం కూడా అబద్ధమే. రోజూ పొద్దున్నే ఒకటి తట్టేది. గవర్రాజు అనే కవికి ఎవరో సన్మానం చేస్తారు. శాలువా తీస్తే బిరుదు కూడా ఊడిపోతుందేమోనన్న భయంతో గవర్రాజు దాన్ని కప్పుకునే స్నానానికి వెళ్తాడు. అంతవరకు రాసి పానకాలరావు గారు కిసుక్కున నవ్వేవారు. వెంటనే తన భుజం వైపు చూసుకునేవారు. సంఘం వాళ్ళు చదివితే నొచ్చుకుంటారని ఒక బెంగ. హాస్య గంభీరుడు స్నానాలగది గురించి రాయవచ్చునా అని ఇంకొకటి. ఉండబట్టలేక ఆ కాగితాన్ని ఉండ చుట్టి నాలో విసిరేవారు. అలా రోజుకు నాలుగు ఉండలు. కొన్నిట్లో గవర్రాజు స్నానం చేశాడు, కొన్నిట్లో క్షవరానికి వెళ్ళాడు, ఒకదాంట్లో మామగారింట్లో శాలువాతోనే భోజనానికి కూర్చుని పప్పులో ముంచాడు. ఎక్కడా కథ ముగియలేదు. ఆయన చిక్కిపోతుంటే నేను లావెక్కిపోయాను.

ఎడిటరు నిష్ఠల సోమయాజులు గారు పది వారాలు పాత రచనలతో నెట్టుకొచ్చారు. పదకొండో వారం, అంటే మొన్న బుధవారం, ఫోను చేశారు. శుక్రవారం పొద్దుటికి కొత్తది అందకపోతే ఆ పేజీని శాశ్వతంగా వాస్తు శీర్షికకు ఇచ్చేస్తామని, ఇందులో తన చేతిలో ఏమీ లేదని చెప్పారు. ఫోను పెట్టేశాక పానకాలరావు గారు కలానికి మూత పెట్టేశారు. హైమవతి గారు కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. తాగలేదు. తనలో ఇంక ఏమీ మిగల్లేదని ఆమెతో మెల్లగా అన్నారు. ఇరవై రెండేళ్ళలో ఆ గొంతు నేను వినలేదు.

ఇక్కడ మీకొక ఇంటిగుట్టు చెప్పాలి. ఆ వీధి చివర కోటమ్మ మిరపకాయ బజ్జీల బండి పెడుతుంది. పొట్లాలకు కాగితాలు అడిగితే హైమవతి గారు ఉండల్ని విప్పి, అరచేత్తో సాపు చేసి, నాతో సహా ఇచ్చేది. బుట్టలోవన్నీ నీవే, బల్ల మీదవి మాత్రం ముట్టుకోకు అని చెప్పింది. కోటమ్మకు చదువు రాదు గాని లోకం తెలుసు. అయ్యగారు రాసిన మంచివన్నీ ఏరి బుట్టలో వేసి బండికి పంపుతున్నారని, పనికిరానివి పరువు కోసం బల్ల మీద దాచుకున్నారని అర్థం చేసుకుంది. తప్పని నేను అనను.

అలా రెండు నెలలుగా సాయంత్రం పూట నేను బండి ఉద్యోగం చేస్తున్నాను. ఆయన రాతలో అలంకారం, కోటమ్మ చేతిలో కారం, రెండూ ఒకే పొట్లంలో. ఆటో మస్తాను మొదట చదివాడు. బజ్జీ నోట్లో ఉండగా నవ్వి, పొలమారి, నీళ్ళు తాగి, మళ్ళీ పైకి చదివాడు. అప్పట్నుంచి బండి చుట్టూ ఒకటే గోల. కథ తన పొట్లంలో ఆగిపోతే మిగతాది పక్కవాడి పొట్లంలో ఉంటుందని వాళ్ళ నమ్మకం. "నీదాంట్లో స్నానం అయిందా?" అని ఒకడు, "నాదాంట్లో ఇంకా పప్పులోనే ఉన్నాడ్రా," అని ఇంకొకడు. ముగింపు దొరుకుతుందేమోనని మళ్ళీ బజ్జీలు చెప్పేవాళ్ళు. కడుపులు నిండుతున్నాయి, కథ నిండడం లేదు.

నిన్న గురువారం సాయంత్రం కోటమ్మ నాకోసం వచ్చేసరికి ఎదురుగా పానకాలరావు గారే ఉన్నారు.

"అయ్యగారూ, ఆ గవర్రాజు ఆఖరి కాయితం బుట్టలో పడట్లేదండీ. ఏమైనాడు ఏమైనాడు అని జనం నన్ను పీక్కు తింటన్నారు. ఇయ్యాళన్నా రాసి ఎయ్యండి," అంది, నన్ను చంకనెత్తుకుంటూ.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం కందగడ్డలా అయింది. తన రాతల్లో బజ్జీలు చుడుతున్నారా అని భార్యను అడిగారు. ఆమె, "మీరు పారేసినవేగా," అంది. హాస్య గంభీరులు శాలువా సర్దుకుని, ఆ అప్రతిష్ఠ ఏమిటో కళ్ళారా చూసి కడిగేద్దామని మా వెనకే బయల్దేరారు.

ఆయన చేరేసరికి మస్తాను ఒక పొట్లం విప్పి చదువుతున్నాడు. నలుగురూ పగలబడి నవ్వుతున్నారు. కడగడానికి వచ్చిన మనిషి గుంపు వెనక నిలబడిపోయారు. తరవాత ముగింపు మీద తగాదా మొదలైంది. శాలువా రంగు వెలిసి గవర్రాజు నీలంగా మారిపోతాడని ఒకడన్నాడు. మస్తాను దొంగ ఎత్తుకుపోతాడన్నాడు. వినలేకపోయారు పానకాలరావు గారు. ఆయన కథను ఆయన ఎదుటే పాడు చేస్తున్నారు మరి. గుంపును తోసుకుని బండి ముందుకు వచ్చారు.

మూకుడు మీంచి చూపు తిప్పకుండానే కోటమ్మ, "దుప్పటి తీసి కూర్చో బాబూ, నూనె చిందుద్ది," అంది.

ఆయన ఆ బట్ట వైపు చూసుకున్నారు. అవును, దుప్పటే. తీసి బండి గుంజకు తగిలించారు. బనీను చెమటతో తడిసి ఉంది. బల్ల మీద కూర్చుని, అది దొంగ పని కాదని, గవర్రాజును తనకు బాగా తెలుసునని మస్తానుకు చెప్పారు. ఎలా తెలుసని వాడు అడిగితే, "ఆ గవర్రాజు నేనే. ఆ కాగితాలూ నావే," అన్నారు. ఎవరూ కంగారు పడలేదు. మస్తాను తన పొట్లం కాగితం ఆయన చేతిలో పెట్టి, వెనక వైపు ఖాళీగా ఉందని చూపించాడు. ఇంకొకడు జేబులోంచి పెన్ను తీశాడు.

రాయడానికి కింద ఏదైనా ఆధారం కావాలి. నన్ను బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నారు. అన్నేళ్ళూ రాత నా కడుపులో పడింది. నిన్న మొదటిసారి నా వీపు మీద నడిచింది. పెన్ను ఆగలేదు. ఒక కాగితం అయితే ఇంకొకటి అందించారు. రాసినంత మేర చదివి వినిపించారు. ఒకచోట ఎవరూ నవ్వలేదు, అక్కడ కొట్టేశారు. ఒకచోట ఆయనే నవ్వారు, వాళ్ళు నవ్వక ముందే. ఆఖరి మాట చదివాక కోటమ్మ జల్లిగంటె పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

మస్తాను ఆ కాగితాలకు ఫోటోలు తీసి ఎడిటరు గారికి పంపాడు. పావుగంటలో ఫోను మోగింది. అందరూ వినేలా స్పీకరు పెట్టారు. నిష్ఠల వారి గొంతు నవ్వు ఆపుకుంటున్నట్టుంది. వాస్తు వారికి వేరే గది చూస్తామని, పేజీ ఇప్పుడే కట్టేస్తున్నామని చెప్పారు. కాకపోతే ఆఖరి పంక్తి మీద బజ్జీ మరక పడిందట. గవర్రాజు బజ్జీల బండి దగ్గరికి వస్తే, బండి ఆమె ఏమంటుందో ఆ నాలుగు ముక్కలు కనపడటం లేదట. అవేమిటని అడిగారు.

పానకాలరావు గారు నోరు తెరిచారు. తట్టలేదు. నవ్వీ నవ్వీ మరిచిపోయారు. ఈసారి మాత్రం ఆయన కంగారు పడలేదు, బండి వైపు చూశారు.

కోటమ్మ ఫోను మీదికి వంగి, "దుప్పటి తీసి కూర్చో బాబూ అన్నానండీ. అయ్యగారని తెలీక అన్నాను," అంది.

ఎడిటరు గారు ఆమె అన్నది అన్నట్టుగా ఆ మాటను పేజీలో కూర్చారు.