తవిటినాయుడి చిరునామా

నా కొడుకు తవిటినాయుడి కర్మ అయిన మర్నాడే మనవరాలు సింధూర కంప్యూటర్ ముందు కూర్చుంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బున్న వాళ్లు ఈమెయిల్లో ఒకరి కష్టం ఒకరికి రాసుకునే గుంపు ఒకటుంది. ఆ ఉత్తరాలన్నీ ఇంటర్నెట్‌లో నిల్వ ఉంటాయి. ఎవరైనా చదవొచ్చు. దాన్ని చూసుకునేది మా పిల్లే.

"ఏటి సేత్తన్నావే? ఇంత అన్నం తినీ" అన్నాను.

"అందరి మెయిల్ అడ్రసులూ దాసేత్తన్నాను నాయినమ్మా. ఇకనించి ఉత్తరాలే కనపడతాయి, రాసినోళ్ల అడ్రసులు కనపడవు. నాన్నున్నప్పుడే సెయ్యాల్సింది."

ఆ అడ్రసుల కోసం మనిషి కూడా రానక్కర్లేదట. తోటలో జీడిపిక్కలు ఏరినట్టు ఏదో యంత్రం ఏరుకుపోయి దొంగలకిస్తుందట. అలాగే మావాడికి డాక్టర్నంటూ ఎవడో రాసిన ఉత్తరం వచ్చింది, తవిటినాయుడు గారూ అని పేరు పెట్టి మరీ. మా చూర్ణం వాడితే డయాలసిస్ అక్కర్లేదని. పేరు పెట్టి పిలిచాడు కదా, నమ్మేశాడు. టెక్కలి ఆసుపత్రికి వెళ్లడం మానేశాడు. ఎక్కువ రోజులు మిగల్లేదు.

వాడికి ముందు పుట్టినవాళ్లెవరూ నాకు దక్కలేదు. అందుకని వీడు పుట్టగానే మా అత్త పొరుగింటి బొడ్డమ్మ చేతిలో పెట్టి, చేటెడు తవుడిచ్చి మళ్లీ కొనుక్కొచ్చింది. తవుడుకి కొన్న బిడ్డంటే యముడికి చులకన, చూసీ చూడనట్టు పోతాడని. అలా దాచుకున్నాం వాణ్ని. కంప్యూటర్లో కూడా దాచుకోవాలని మాకేం తెలుసు?

ఇంతలో మావాడి మెయిల్‌కి ఉత్తరమొచ్చింది. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే కామేశ్ రాశాడు. సింధూర చదివింది.

"అన్నా, నీకు రాసిన డాక్టరే నాకూ రాసినాడు. ఆ మందుతో కాళ్ల వాపు తగ్గిందని గుంపులో రాసినావు గదా. సోమవారం నించి నానూ టెక్కల్లో డయాలసిస్ సూది మానేత్తన్నాను."

మావాడు నిజంగానే అలా రాశాడట, మొదట్లో, ఆశకొద్దీ.

"ఇప్పుడు దాసి ఏటి లాభం? ఎత్తికెల్లిపోయినవి ఎనక్కి రావు గదా" అని పిల్ల ఏడ్చింది.

"నాన్న ఇంక నేడని రాసీయే."

"నా వల్ల కాదు నాయినమ్మా. రాత్తే నిజమైపోద్ది."

"నాను సెప్తాను, నువ్వు కొట్టు. నాన్న రాసిన దాని కిందే పెట్టు, అందరూ సదవాల."

చెప్పాను. "కామేశ్ నాయినా, నాను తవిటినాయుడి అమ్మని. మీ అన్న ఆ మందు నమ్మి పోయాడు. సోమవారం నాను టెక్కలొత్తాను. మంచం మీద నువ్వు కనపడాల."

జవాబు రాలేదు.

సోమవారం ఆసుపత్రిలో మంచం మంచానికీ వెళ్లి, నౌపడ కామేశ్ ఎవరని అడిగాను. చివరి మంచం మీద, ఎండిపోయిన కుర్రాడొకడు సూది లేని చెయ్యి ఎత్తాడు.

"నువ్వేనేటమ్మా? ఆ గద్దింపుకి ఎంత పెద్ద మనిసో అనుకున్నాను. పిడికెడు లేవు."

"నువ్వు మాత్తరం ఉన్నావేటి, మిరపకట్టెలాగ?"

నవ్వాడు. వాడి పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. కాసేపయ్యాక, నావైపు చూడకుండా అడిగాడు.

"అన్న ఆకర్న బాద పడ్డాడేటమ్మా?"

"నేదు నాయినా. నిద్దట్లోనే ఎల్లిపోయాడు."

ఊపిరాడక మావాడు పట్టుకున్నప్పుడు దిగిన గోళ్ల గాట్లు నా ముంజేతి మీద ఇంకా మానలేదు. కొంగు లాక్కుని కప్పుకున్నాను.