పన్నెండు మిల్లీమీటర్ల సాక్ష్యం

స్కాన్ రిపోర్టులో నాకు కావలసింది ఒక్క వాక్యమే. నా క్లోమంలోని నీటి తిత్తి పన్నెండు మిల్లీమీటర్లు, పోయినేడాది ఎంతో ఇప్పుడూ అంతే.

మా అమ్మ మార్తమ్మ దాన్ని తన పద్ధతిలో అర్థం చేసుకుంది. ఖిలా వరంగల్‌లోని మా చర్చిలో, ఆదివారం దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లలో నా పేరు రాయించింది.

"గడ్డ పోయిందని చెప్పు హెప్సిబా. మూడు శుక్రవారాలు ఉపవాసమున్న."

"పోలేదమ్మా. పెరగలేదు, గంతే."

"పెరగలేదంటే పోయినట్టే గదా! నీ నోట్లకెళ్లి ఒక్క మంచి మాట రాదేందే?"

అన్న సుధీర్ నవ్వాడు. "చెప్పెయ్ చెల్లె. దేవుడే చూసుకుంటుంటే ఇగ నాకు టెస్టెందుకు?"

ఆ నవ్వు నాకు తెలుసు. కడుపునొప్పిని గ్యాస్ అంటూ నాన్న నవ్విన నవ్వే అది. ఆయన క్లోమం క్యాన్సర్‌తో పోయాక, ఆయన నుంచి వచ్చిన జన్యులోపం నా రక్తంలో దొరికింది. అన్నకూ ఉండే అవకాశం సగానికి సగం. తెలియకపోతే లేనట్టే అని అతని ధీమా. అలాంటి మనిషి నా లోపలా ఒకతె ఉంది. స్కాన్ రోజు పొద్దున్న చెప్పులు కనబడటం లేదని ఇల్లంతా వెతికిస్తుంది. అందుకే అతన్ని అసహ్యించుకోలేను. అందుకే వదలను కూడా.

గడ్డ పోయిందని నేనంటే, అన్న ఇక ఎప్పటికీ పరీక్షకు వెళ్లడు.

మైకు ముందు కొంగు తలమీదికి లాక్కున్నాను.

"నా గడ్డ పోలేదు."

హల్లెలూయా అనబోయిన గొంతులు ఆగిపోయాయి.

"పన్నెండు మిల్లీమీటర్లున్నది. ఇయ్యాల క్యాన్సర్ కాదు. రేపటి సంగతి తెల్వదు. ఏడాదికోసారి పోయి చూపించుకుంట. మా నాన్నది తెలిసేసరికే ఆలస్యమైంది. మా అన్నకున్నదో లేదో ఎవలికీ తెల్వదు, ఎందుకంటే ఆయన పరీక్షకు రక్తం ఇస్తలేడు. నేను బతకాలె. ఆయన గూడ బతకాలె. గిదే నా సాక్ష్యం."

ఎవరూ ఆమెన్ అనలేదు. నేనే అనుకుని దిగాను.

ఆరాధన ముగిశాక సుధీర్ గుమ్మం దగ్గరికి వచ్చాడు, మొహం కందిపోయి. బయట విడిచిన అతని చెప్పులు అప్పటికే నా చేతిలో ఉన్నాయి.

"అందరి ముంగట ఇజ్జత్ తీసినవ్. చెప్పులియ్యే."

"బుధవారం దవాఖానకు వస్తవా? లేకుంటే వచ్చే ఆదివారం మళ్ల మైకు పట్టుకోవాల్నా?"

"నీకు సిగ్గు లేదే."

"లేదు."

విసురుగా మెట్టు దిగాడు. బయట సిమెంటు నిప్పులా కాలుతోంది. ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతూ నిలబడ్డాడు.

"ఎన్ని గంటలకు?"

"ఎనిమిదికి," అని ఒక చెప్పు ఇచ్చాను.