వెనకబడిన గొంతు

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోర్‌మన్ ఆగకుండా పెదాలు కదుపుతున్నాడు. నోట్లోంచి చప్పుడే లేదు. పక్కవాళ్ళెవరూ పట్టించుకోలేదు. వేరే దేశాల శాఖల నుంచి ప్రధాన కార్యాలయానికి బదిలీ అయినవాళ్ళందరికీ అంతే, మనిషి ముందొస్తాడు, గొంతు రెండు గంటలు వెనకాల వస్తుంది. కూరలో ఉప్పు లేదన్న మాట అంట్లు తోమేశాక వినడం ఆయన భార్యకు అలవాటైపోయింది.

అందుకే బదిలీవాళ్ళు మీటింగులో చెప్పాల్సింది రెండు గంటల ముందే చెప్పేసుకుంటారు. పదకొండింటి మీటింగులో, ఫోర్‌మన్ ఇదివరకు పనిచేసిన ఫ్యాక్టరీని మూసేయాలా వద్దా అన్నది తేలుస్తారు. అక్కడ మిషన్ మీద పనిచేసేది భార్య తమ్ముడు. చేర్పించింది ఫోర్‌మనే. "మా వాడి పొట్ట కొట్టకుండా చూడండి," అని భార్య గుమ్మం దాకా వచ్చి చెప్పింది. తొమ్మిదింటికి బస్సులో మొదలుపెట్టి, మనసులో ఉన్నదంతా కక్కేశాడు.

ఆఫీసులో అడుగుపెట్టగానే రిసెప్షన్ అమ్మాయి చెప్పింది, "మీటింగు పదింటికే సార్. చైర్మన్ గారికి విమానం ఉందట."

ఫోర్‌మన్ రెండు గంటలు వెనక్కి లెక్కేసుకున్నాడు. ఎనిమిదింటికి తను గడ్డం గీసుకుంటున్నాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఫ్యాక్టరీ వంతు రాగానే చెయ్యెత్తాడు. "చెప్పండి," అన్నాడు చైర్మన్ మర్యాదగా. ఫోర్‌మన్ గబగబా కాగితం మీద రాసి ముందుకు తోశాడు.

"ఇక్కడ నోటిమాటే చెల్లుతుంది, మీకు తెలియనిదా?" అని చైర్మన్ దాన్ని వెనక్కి ఇచ్చేశాడు. "అయితే ఎవరికీ అభ్యంతరం లేనట్టే."

మిగతా బదిలీవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళ ఫ్యాక్టరీలు ఇంకా ఉన్నాయి మరి.

ఫోర్‌మన్ వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. పదకొండు కొడుతుండగా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, మూసేస్తున్నారట. మీరు అక్కడే ఉన్నారు కదా?"

సరిగ్గా అప్పుడే బస్సులో అన్నదంతా రావడం మొదలైంది. వరదలో నడుం లోతు నీళ్ళలో మిషన్లు కాపాడిన మనుషుల గురించి, వాళ్ళ పిల్లల గురించి, కన్నీళ్ళొచ్చేలా చెబుతూనే ఉంది ఆ గొంతు. ఆపడం ఆయన చేతిలో లేదు. బావమరిది చివరిదాకా విన్నాడు.

"మీ గొంతు ఆలస్యమని తెలుసు బావా. లేచి తలుపుకి అడ్డంగా నిలబడటానికి గొంతెందుకు?"

ఫోన్ పెట్టేశాడు.

పెట్టె పట్టుకుని వెళ్తున్న చైర్మన్ ఫోర్‌మన్ దగ్గర ఆగి భుజం తట్టాడు. "ఏమండీ, ఇక్కడ సర్దుకున్నట్టేనా?"

"సర్దుకున్నాను సార్," అన్నాడు ఫోర్‌మన్.

మాట అప్పటికప్పుడే బయటికొచ్చింది.