దుబ్బయ్య ఫ్లెక్సీ

పొద్దుటి నుంచి తిరిగి తిరిగి ఐలవ్వ చివరికి రజిని ఫ్లెక్సీ దుకాణం మెట్లెక్కింది. మిగతా దుకాణాల వాళ్లంతా మిషను పాడైందన్నారు. సిద్దిపేటలో ఒకే రోజు అన్ని మిషన్లకూ రోగం రావడం విడ్డూరమే.

"రేపే పదో దినం బిడ్డా. మా ఆయిన బొమ్మ మిల్లు ముందట కట్టాలె," అంది ఐలవ్వ, ఫొటో చేతికిస్తూ.

ఆమె భర్త దుబ్బయ్య రైస్‌మిల్లులో హమాలీ. బాయిలర్ పేలి చనిపోయాడు. సంతాప ఫ్లెక్సీలు పట్నానికి కొత్త కాదు. కానీ ఐలవ్వకు అశ్రునివాళి అక్కర్లేదు. "పాత బాయిలర్ మంచిగున్నదని సంతకం పెట్టిందెవలు?" అని పెద్దక్షరాల్లో వేయమంది.

రజిని కంప్యూటర్ ముందు కూర్చుందో లేదో, ఆ సంతకం పెట్టిన తనిఖీ అధికారి రాజశేఖరే లోపలికొచ్చాడు. మిల్లులకైనా దుకాణాలకైనా లైసెన్సు ఆయన చేతి మీదుగానే రావాలి.

"రజినమ్మా, నేనేం వెయ్యొద్దంటలేను. నీ ఇష్టం. కానీ గీ వైర్లు చూస్తె భయమైతుంది. దుకాణం సీల్ చెయ్యాల్సొస్తదేమో!"

"వెయ్యొద్దని కాయితం మీద రాసియ్యున్రి సారూ."

"మాటకు కాయితమెందుకమ్మా? తక్కినోళ్లు అడిగిన్రా?"

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే ఉంది ఈయన కొలువు. నిరుడు బీడీ కార్మికుల ఫ్లెక్సీని కూడా ఇలాగే నోటిమాటతో ఆపించాడు. అప్పుడు రజిని తలూపింది. భర్త పోయిన ఇంటికి ఈ దుకాణమొక్కటే తిండి పెడుతోంది మరి. అలా తలూపినందుకు ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

"నీకు తిప్పలైతె వద్దు బిడ్డా, నా బాధేదో నేను పడత," అని ఐలవ్వ ఫొటో తీసుకోబోయింది.

"కూసో అవ్వా," అంది రజిని.

ఇక్కడ ఏ ఫ్లెక్సీకైనా అడుగున "ఇట్లు" అని వేయించినవాళ్ల ముఖాలు గుండ్రంగా కత్తిరించి పేర్చాల్సిందే. అధికారుల పుట్టినరోజులకు వేసిన ఫొటోలు కంప్యూటర్ నిండా ఉన్నాయి. రజిని వాటిలోంచి రాజశేఖర్ ముఖాన్ని తీసి దుబ్బయ్య కాళ్ల కింద పెట్టింది. "ఇట్లు" చెరిపేసి, "ఈ మాట వేయొద్దన్నవారు" అని టైపు చేసింది. చేస్తుంటే ఆమెకు కడుపు చల్లబడింది.

"గదేంది? తీసెయ్ నా ఫొటో!"

"కాయితం మీద రాసియ్యమంటె ఇయ్యకపోతిరి. అందుకే నేను రాసిన."

"రేపు నీ దుకాణానికి తాళమే!"

"ఎయ్యున్రి. గా తాళం ఫొటో గూడ ఏస్త."

మిషను కదిలింది. ముందు దుబ్బయ్య తలపాగా బయటికొచ్చింది. రాజశేఖర్ కరెంటు స్విచ్ వైపు ఉరికాడు. అప్పటికే ఐలవ్వ లేచి, దానికి వీపు ఆనించి నిలబడింది.