చెవులాయన బెండు తీసిన చక్రం

ఆ షెడ్డులో అన్నదమ్ములిద్దరూ మెకానిక్కులే అయినా, అన్నను మాత్రం అందరూ చెవులాయన అనేవారు. పాతకాలపు కార్ల స్పోకు చక్రాన్ని స్టాండుకెక్కించి, కళ్లు మూసుకుని, ఒక్కో స్పోకునూ చిన్న సుత్తితో తట్టి, మోతను బట్టి ఏది వదులో ఏది బిగువో చెప్పేసేవాడు. ఆ చెవులు చూసుకుని మిడిసిపడ్డాడు కూడా. "నీవి చెవులా, చొక్కా తగిలించుకునే కొక్కేలా?" అని వచ్చినవాళ్లందరి ముందూ తమ్ముణ్ణి వెక్కిరించేవాడు. తమ్ముడు నవ్వి ఊరుకునేవాడు. ఊరుకున్నాడు కదా అని మరిచిపోయాడనుకున్నాడు ఈ మహానుభావుడు!

రెండేళ్లుగా ఆ చెవులు పనిచేయడం లేదు. ముందు ఎడమది పోయింది, తర్వాత కుడిది. చెప్పేయొచ్చు కదా? చెబితే పేరేం కావాలి? పెదాలు చూసి మాటలు పట్టుకుంటూ నెట్టుకొచ్చాడు. స్పోకులను రెండేసి చొప్పున వేళ్లతో నొక్కి బిగువు తెలుసుకునేవాడు. నిజం చెప్పాలంటే చెవులతో చేసిన రోజుల కంటే ఇప్పుడే చక్రం బాగా కుదిరేది. కానీ ఎవరైనా చూస్తుంటే చాలు, సుత్తి తీసి, కళ్లు మూసుకుని తల ఊపేవాడు. ఆ షోకు ఒక్కటీ చంపుకోలేకపోయాడు.

ఆ పొద్దున కారు ఓనరు వచ్చాడు. తొంభై ఏళ్లనాటి కారది. నాలుగు చక్రాలకు తుప్పు గీకి, బెండు తీసి, రంగేసి, కొత్త టైర్లు ఎక్కించడం అయిపోయింది. అయిదోది, స్టెప్నీ, టైరు లేకుండా స్టాండు మీద ఉంది. ఓనరు దగ్గర ఇలాంటి కార్లు ఇంకా ఏడున్నాయి. వాటన్నిటికీ అన్నదమ్ముల్లో ఒకరినే మేస్త్రీగా పెట్టుకుంటానని ముందే చెప్పాడు. ఆ ఒక్కడూ తానేనని చెవులాయనకు రవ్వంత అనుమానం లేదు.

"మీ చెవుల సంగతి వినడమేగానీ చూడలేదండీ. ఏదీ, ఒకసారి చూపించండి," అన్నాడు ఓనరు.

చెవులాయన సుత్తి అందుకునేలోగా తమ్ముడు దాన్ని తీసుకుని ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. "నేను తడతాలే అన్నా. నువ్వు విని చెప్పు చాలు."

"అలాగే కానీరా," అని అన్న కళ్లు మూసుకున్నాడు. డెబ్బై రెండు స్పోకులనూ పొద్దున్నే నొక్కి చూసుకున్నాడు, ఒక్కటీ తేడా లేదు. ఏది తట్టినా బాగుందనడమేగా, భయమెందుకు?

తమ్ముడి మోకాలు తగిలింది. తట్టాడన్నమాట. "బాగుంది," అన్నాడు. మళ్లీ తగిలింది. "ఇదీ బాగుంది. కంచులా మోగుతోంది." మూడోసారి తగిలేసరికి హుషారొచ్చింది. "దీన్నయితే ముట్టుకోనక్కర్లేదు సార్!" అని కళ్లు తెరిచాడు.

తమ్ముడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సుత్తి దూరంగా బల్ల మీద ఉంది. ఓనరు నవ్వు ఆపుకుంటున్నాడు.

"చూశారుగా సార్! చెవుడు. రెండేళ్లుగా అందరి కళ్లల్లో దుమ్ము కొడుతున్నాడు," అన్నాడు తమ్ముడు. అన్న తన పెదాలు చదువుకోవాలని మరీ ఇటే తిరిగి, మాట మాటా విడదీసి అన్నాడు.

చెవులాయన చక్రం మీద చెయ్యి వేశాడు. "చెవులు పోయినమాట నిజమే సార్. వేళ్లతో చేశాను. చక్రం తిప్పి చూడండి, వెంట్రుకవాసి తేడా ఉంటే చెప్పుతో కొట్టండి!"

"ఈ మాట ఇందాకే చెబితే నమ్మేవాణ్ణి పెద్దాయనా. వినపడనిదాన్ని కంచులా మోగుతోందన్నారు, ఇంక దేన్ని నమ్మమంటారు? ఈ కారులో నా పిల్లలు తిరుగుతారు." ఓనరు తమ్ముడి వైపు తిరిగాడు. "అన్నీ విప్పి మళ్లీ బిగించు. ఆ ఏడు కార్లూ ఇక నువ్వే చూసుకో."

తమ్ముడు క్షణం ఆగలేదు. నాలుగు చక్రాలూ దింపి గాలి తీసేశాడు. స్పోకు మొనలు ట్యూబును కొరకకుండా రబ్బరు పట్టీ సర్ది, సబ్బునీళ్లు రాసి, గీత పడకుండా అన్న ఎక్కించిన టైర్లవి. వాటిని లీవర్లు పెట్టి పెకిలించాడు. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. "ఒరేయ్, నెమ్మదిరా!" అని చెవులాయన అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడో ఏమో, ఓనరు ఉలిక్కిపడ్డాడు.

చివరికి తమ్ముడు స్టాండు దగ్గరికొచ్చి, ఓనరుకు వీపు పెట్టి కూర్చుని, స్టెప్నీని ఒక్క తిప్పు తిప్పాడు. రిమ్ము అటూ ఇటూ కదలకుండా గీత గీసినట్టు తిరిగింది. వాడు తలొంచుకుని, స్పోకులను రెండేసి చొప్పున వేళ్లతో నొక్కుతూ చుట్టూ వచ్చాడు. వాడి ముఖం మారిపోవడం అన్న చూశాడు.

"తెలిసిందిగా నీకు? సార్‌తో ఆ ఒక్క మాటా చెప్పరా. నీ కాళ్లు పట్టుకుంటాను."

తమ్ముడు తలెత్తి పెదాలు కదిపాడు. "బ్రహ్మాండంగా ఉంది అన్నా. ఈ జన్మలో నేనిలా చేయలేను."

చెవులాయనకు ప్రాణం లేచొచ్చింది. "విన్నారా సార్! వాడి నోటితో వాడే అన్నాడు, విన్నారా?" అంటూ వెళ్లి ఓనరు చెయ్యి పట్టుకున్నాడు.

ఓనరు ఆయన్ని జాలిగా చూసి, మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. "మీ తమ్ముడు ఏమీ అనలేదు పెద్దాయనా. ఇంటికెళ్లండి."

చెవులాయన వెనక్కి తిరిగాడు. తమ్ముడు గొంతు లేకుండా అదే మాట మళ్లీ అంటూ, స్పానరు పెట్టి మొదటి స్పోకు వదులు చేశాడు.